దీపానికి తెలియని చోటు

కోత నెల, తొలి పోటు

గాలి తూర్పు. అల తక్కువ.

ఉత్తరపు వరస తెప్పల మీద దీపాలు తుడిచాను. ఇక్కడ మనిషికో దీపం; ఆ మనిషి ఎక్కడున్నా, గుండె కొట్టుకున్నట్టే అది వెలిగి తగ్గుతుంది. గాజు మీద ఉప్పు పేరుకుంటే లోపలి వెలుగు మసకబారుతుంది. ఆ ఇంట్లో ఎవరి గుండెకో ఏదో అయిందని పక్కవాళ్లు పడవలు వేసుకుని వచ్చేస్తారు. ఆ కంగారు లేకుండా చూడటమే తెప్పలూరులో నా ఉద్యోగం.

పాలెపు తాతగారి దీపం నెమ్మదిగా, పెద్ద పెద్ద అంగలు వేస్తున్నట్టు వెలిగి తగ్గుతోంది. ఆయన ఇంకా నిద్రలోనే ఉన్నాడు. కోడలు గుమ్మంలో కూర్చుని నాచు ఏరుతోంది. ఆమె దీపం చురుగ్గా ఉంది. ఉయ్యాలలో పసిబిడ్డది పిచ్చుక రెక్కలాగా కొట్టుకుంటోంది. మంచులో వరసంతా ఇలా వెలుగుతూ తగ్గుతూ ఉంటే, ఊరు ఊరంతా ఒకే నిద్రలో ఊపిరి తీస్తున్నట్టు ఉంటుంది. చాలా ఏళ్లుగా చూస్తున్నాను. ఇప్పటికీ ఒక్కోచోట తెడ్డు ఆపుతాను.

మా గుమ్మానికి రెండు దీపాలు. ఒకటి నాది. రెండోది నా భార్య వకుళది. కిందటి కోతల తర్వాత ఆరింది. ఏడాది నిండేదాకా దాన్ని విప్పకూడదని ఇక్కడి ఆచారం.

వకుళ చెల్లెలు తరళ ఎదుటి తెప్ప మీద ఉంటుంది. నీళ్లలోకి దిగి నాచు కోసే జట్టుకు ఆమె పెద్ద. నేను వెళ్లేసరికి కొడవలికి పదును పెడుతోంది.

"నా దీపం ఎలా ఉంది బావా?" అంది. ఇక్కడ పొద్దుటి పలకరింపు అదే.

"నిలకడగా ఉంది."

"నీ మొహమే మసగ్గా ఉంది. తుడవమంటావా?"

నవ్వింది. నవ్వితే పెదవుల మీది మచ్చలు నువ్వులు చల్లినట్టు విడిపోతాయి. అక్కచెల్లెళ్లిద్దరికీ అవే మచ్చలు. వకుళ పోయిన రోజున కొండ మీది ఆస్పత్రి డాక్టరు వాటిని చూసే, "చెల్లెలికి కూడా ఉన్నాయా?" అని అడిగింది. ఉన్నాయన్నాను. వెంటనే తరళ గుండె చూపించమంది. ఆస్పత్రి పడవ వచ్చి చూసింది. గుండె ఎడమ గదిలో చిన్న జిగురు గడ్డ ఉంది, నాలుగేళ్ల కిందట వకుళ గుండెలో దొరికినలాంటి గడ్డే. మణికట్టు దగ్గర నుంచి సన్నని దారం లోపలికి పంపి తీసేశారు. సాయంత్రానికి తరళ లేచి కూర్చుంది. దీపం నిలకడగా వెలగగానే దాన్ని పడవలో పెట్టి ఊరంతా తిప్పారు. అలా దీపం తిరిగాక ఆ మనిషి ముందు ఆ జబ్బు మాట ఎత్తరు. జబ్బుపడి లేచినవాళ్లు మళ్లీ మామూలు మనుషులుగా బతకాలని పెట్టుకున్న పద్ధతి. మంచిదే.

కానీ డాక్టరు ఇంకో మాట కూడా చెప్పింది. గుండె అయ్యాక ఏటా తల కూడా చూడాలని.

"కొండకు వెళ్లాల్సిన రోజులు వచ్చాయి," అన్నాను.

"కోత అయ్యాక."

"కోత అయ్యేసరికి సముద్రం లేస్తుంది. బల్లకట్టు ఆపేస్తారు."

"అయితే వచ్చే ఏడు." కొడవలి అంచును బొటనవేలితో చూసుకుంది. "నా దీపం ఊరేగింది బావా. మర్చిపోయావా?"

కోత మొదలు

గాలి తూర్పు. అల కొంచెం పెరిగింది.

నాచు తాళ్లు నీటి అడుగున మునిగిన కొబ్బరి మోళ్లకు కట్టి ఉంటాయి. జట్టు పడవ పక్కన నా పడవ నిలిపాను. దిగిన మనుషులు కింద ఆకుపచ్చగా, నెమ్మదిగా, ఏదో మర్చిపోయి వెతుక్కుంటున్న వాళ్లలా కదులుతూ కనబడ్డారు. పైకి వచ్చినప్పుడు కింద చూసిన సంగతులు చెబుతారు. ఇవాళ మునిగిన పాత ఊరి సినిమా హాలు టికెట్ల కిటికీలోంచి మెత్తళ్ల చేపల గుంపు బయటికొచ్చిందట, బారులు తీరి.

"ఆట వదిలేశారేమో," అంది నూకరత్నం. ఆమె తరళకు జోడీ. ఒకరు దిగితే ఒకరు తాడు పట్టుకుంటారు.

కాసేపటికి తరళ పైకి తేలింది. పడవ అంచు పట్టుకుని ఊపిరి తీసుకుంటోంది.

"కొడవలి ఏదే?" అంది నూకరత్నం.

"ఇదిగో," అని తరళ ఎడమ చెయ్యి పైకెత్తి చూపించింది.

చేతిలో ఏమీ లేదు.

ఆమె ఆ ఖాళీ చేతిని అలాగే పట్టుకుని ఉంది. వేళ్లు ఏదో పట్టుకున్నట్టే ముడుచుకుని ఉన్నాయి. తర్వాత తనే చూసుకుని నవ్వేసింది. "చలికి మొద్దుబారినట్టుంది," అంది.

పడవల్లోని వాళ్లందరూ ఒకేసారి తలలు తిప్పారు. నీళ్లకు అవతల, ఆమె గుమ్మం మీద దీపం నిలకడగా వెలుగుతోంది. దాన్ని చూసి మళ్లీ పనిలో పడ్డారు. ఆమె చేతి వైపు ఎవరూ చూడలేదు.

కొంతసేపటికి వేళ్లు విడివడ్డాయి. వేరే కొడవలి తీసుకుని మళ్లీ దిగింది.

వకుళ చేతిలోంచి చెంబు జారిన రోజున కూడా ఊరు దీపం వైపే చూసింది.

కోత మధ్య, మబ్బు రోజు

గాలి ఈశాన్యం. అల తెగుతోంది.

రేవు పెద్ద సూరమ్మ పిన్ని దగ్గరికి వెళ్లాను. కోత రోజుల్లో ఎవరు ఊరు దాటాలన్నా ఆమె ఊ అనాలి. తరళను కొండకు వెళ్లమని ఆమె చెబితే తరళ కాదనలేదు. అదే అడిగాను.

"ఎందుకు?" అంది. ఎండు చేపలు తిరగేస్తోంది.

"తల చూపించాలి. మొన్న చెయ్యి మొద్దుబారింది."

"దీపం బాగానే ఉంది కదా."

"ఉంది. ఆ గడ్డ తీసిన తర్వాత కూడా..."

"ఈశ్వరం." చేప పట్టుకున్న చెయ్యి ఆగింది. "దీపం ఊరేగింది నాయనా. ఆ మాట నా గుమ్మంలో అనకు."

ఆమె చేప తిరగేసి, గొంతు తగ్గించింది.

"నువ్వు ఒంటరివి. ఆ పిల్లా ఒంటరిదే. ఏడాది నిండగానే అడిగెయ్. అక్క పోతే చెల్లిని చేసుకోటం మనలో కొత్తేం కాదు. దానికి ఈ కొండలూ, తలలూ, చుట్టుతిరుగుడూ ఎందుకూ?"

"అది కాదు పిన్నీ."

"మరేంటి?"

"తలలో రక్తం తిరిగే నాళాలు ఉంటాయి. వాటికి ఏమైనా దీపం చెప్పలేదు. అది గుండె సంగతే చెబుతుంది."

"బాగుందయ్యా. దీపాలు తుడిచేది నువ్వే, నమ్మనిదీ నువ్వేనా?"

"నమ్ముతాను. దానికి తెలిసినంత వరకు అది నిజమే చెబుతుంది."

ఆమె నా వైపు చాలాసేపు చూసింది. కాలేజీలో చదువుకుని వచ్చినవాడు మాటలు ఇలాగే తిప్పుతాడనుకుని ఉంటుంది. కోత అయ్యాక చూద్దామంది.

మర్నాడు

గాలి అదే. అల అదే.

సూరమ్మ పిన్ని మాట నాకంటే ముందే నీళ్లు దాటింది. పని ముగించుకుని వస్తూ తరళ మా తెప్ప ఎక్కింది. తల ఇంకా తడిగా ఉంది.

"పెళ్లి చీర ఏ రంగు కావాలని పిన్ని అడిగింది బావా. నీలం అని చెప్పేశాను."

నేను చేతిలోని గాజు తుడవసాగాను.

"నవ్వచ్చు. ఏడాది నిండకపోయినా నవ్వచ్చు. నూకరత్నం అయితే, మీ బావ మూడు రోజులకోసారి ఒక మాట మాట్లాడతాడు, కాపరం హాయిగా ఉంటది పో, అంటోంది."

"కూర్చో," అన్నాను. "నేను పిన్నిని ఏమడిగానో చెబుతాను."

చెప్పాను. గుండెలో పెరిగే ఆ గడ్డ మెత్తగా ఉంటుంది, తీయకముందే దానిలోంచి పొడిలా కొంత రాలుతూ ఉంటుందని. అది రక్తంతో పాటు తలకు వెళుతుంది. అక్కడి సన్న నాళాల గోడల్లో కొంత అతుక్కుంటుంది. గడ్డను తీసేసినా అతుక్కున్నది పోదు. గోడలోనే ఉండి, పెరిగి, గోడను పలచన చేస్తుంది. పలచబడినచోట నాళం బుడగలా ఉబ్బుతుంది. ఏళ్ల తరబడి ఏమీ తెలియకపోవచ్చు.

"అక్కకి అయింది అదేనా?"

"అదే."

"నాకూ ఉన్నాయంటావా?"

"తెలీదు. చూస్తేనే తెలుస్తుంది. ఆ యంత్రం పెద్ద అయస్కాంతం. తెప్పలు మోయలేవు. అందుకే కొండకు."

"ఉంటే?"

"పగలకముందైతే ఏదైనా చెయ్యచ్చు."

"చేశాక నీళ్లలోకి దిగనిస్తారా?"

"దిగనివ్వకపోవచ్చు."

ఆమె జుట్టు పిండుకుంది. నీళ్లు తెప్ప చెక్కల సందుల్లోంచి జారిపోయాయి.

"నేను నీళ్లలో పుట్టినట్టే పెరిగాను బావా. పైన నడిస్తే అందరిలా ఉంటాను. కింద ఉన్నప్పుడే నేను. చెయ్యి ఒకసారి మొద్దుబారిందని అదంతా వదులుకుని కొండ మీద కూర్చోమంటావా?"

"చూపించుకోమంటున్నాను."

"లేదు. నువ్వు నన్ను చూట్టం లేదు. ఏడాదిగా అక్క ఇంకోసారి చచ్చిపోకుండా కాపలా కాస్తన్నావ్. నేను అక్కని కాను." లేచింది. "కోపంతో అంటం లేదు. అన్నం తిను."

ఆమె పడవ వెళ్లిపోయాక ఆ మాట గురించి ఆలోచించాను. అబద్ధమని అనలేకపోయాను. అయినా కొండకు వెళ్లాలి.

కోత చివర

గాలి ఉత్తరం. అల ఎత్తుగా. రేవు స్తంభానికి ఎర్ర గుడ్డ కట్టారు. ఎల్లుండి వెళ్లేదే ఆఖరు బల్లకట్టు. ఆ తర్వాత తుఫానులు తగ్గేదాకా దారి లేదు.

ఇవాళ తరళ గంజి తాగుతుంటే చూశాను. గిన్నెకు ఎడమ పక్కన పెట్టిన ఎండు చేపను ముట్టలేదు. చేప ఏదని నూకరత్నాన్ని అడిగింది. నూకరత్నం గిన్నె తిప్పి పెట్టింది. అప్పుడు కనబడింది. ఇద్దరూ దాన్ని హాస్యం చేసుకున్నారు.

మధ్యాహ్నం నిచ్చెన వేసుకుని మా గుమ్మం మీది వకుళ దీపాన్ని విప్పాను.

ఎదుటి తెప్ప మీంచి తరళ చూసింది. తెడ్డు కూడా సరిగా వేయకుండా వచ్చింది.

"ఏడాది కాలేదు బావా. ఏం చేస్తన్నావ్?"

"తెలుసు. లోపలికి రా."

మరమ్మతుకు పనికొస్తుందని ప్రతి దీపం అడుగునా మనిషి చివరి రోజుల గుండె తీరు కొంత నిలవ ఉంటుంది. సగం వకుళ దీపంలోనే ఉంచి, సగం కొత్త గాజులోకి ఎక్కించాను. కిటికీ చాప దించాను. గది చీకటయింది. రెండు దీపాలూ నేల మీద పక్కపక్కన పెట్టి మీట నొక్కాను.

వెలిగాయి. రెండు వెలుగులు గోడ మీద, ఆమె తడి మోచేతుల మీద పడి లేస్తూ ఉన్నాయి. నీటి అడుగున కూర్చున్నట్టు ఉంది. కాసేపు ఇద్దరం ఊరికే చూశాం.

"రెండూ అక్కే," అన్నాను. "ఒకటి, నాచు మూటలు కడుతూ నీతో పొద్దంతా వాదులాడిన రోజు. నీకు గుర్తుండే ఉంటుంది. ఇంకొకటి కొండ మీద. తలలో నాళం పగిలిపోయి, ఆమె ఇక లేదని డాక్టరు చెప్పిన తర్వాత. ఊపిరి యంత్రం తీయకముందు. ఏది ఏదో చెప్పు."

తరళ ముందుకు వంగింది. కుడివైపు దీపం తొందరగా, ఒక్కోసారి తడబడి, మళ్లీ సర్దుకుని కొట్టుకుంటోంది. ఎడమవైపుది మెత్తగా, సమంగా, ఎక్కడా తొణకకుండా ఉంది. ఆమె ఎడమవైపుకు తల తిప్పి మరీ చూసింది. చాలాసేపు చూసింది.

"ఇదే," అంది ఎడమదాని మీద చెయ్యి పెట్టి. "ఇది బాగున్న అక్క."

నేను కుడిదాన్ని ఆమె దగ్గరికి జరిపాను.

ఆమె చెయ్యి తీయలేదు. వేళ్ల సందుల్లోంచి వెలుగు వచ్చిపోతోంది.

"ఎంతసేపు ఉంది ఇలాగ?"

"రెండు రోజులు."

"ఆ రెండు రోజులూ నేను ఎదురింట్లో కూర్చుని దీన్నే చూశాను బావా. ఇంత హాయిగా ఎప్పుడూ కొట్టుకోలేదు అనుకున్నాను. అక్క బాగైపోయింది అని అందరికీ చెప్పాను. పిన్ని నిమ్మకాయలు పంపింది నీకు. నేను పులుసు కాచి బల్లకట్టు మీద పంపాను."

"అందింది."

"తిన్నావా?"

"లేదు."

కిటికీ చాప అంచుల్లోంచి గాలి వచ్చింది; అలకు గది ఒక పక్కకు ఒరిగి మళ్లీ నిలబడింది. ఆమె రెండు దీపాలూ తనే ఆపింది.

"చేప నాకు నిజంగానే కనబడలేదు బావా," అంది చీకట్లో. "నూకరత్నం గిన్నె తిప్పేదాకా అక్కడ ఏమీ లేదు. చోటే లేదు. ఎల్లుండి ఏ పూట?"

ఆఖరు బల్లకట్టు

గాలి ఉత్తరం. అల ఎత్తుగా. మంచు.

సూరమ్మ పిన్ని రేవుకు వచ్చింది. వకుళ దీపం విప్పిన సంగతి తెలిసినట్టుంది. మా గుమ్మం వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసింది. తరళ మెడలో చిన్న ఊరగాయ జాడీ ఉన్న సంచి వేసింది.

"ఏ జబ్బు మాటా నేను వినలేదు," అంది అందరికీ వినబడేలా. "ఈళ్లు కొండకి వెళ్తన్నారు. అంతే."

"చీర సంగతేంటి పిన్నీ?" అంది తరళ.

"ముందు తిరిగిరా. నీలం ఎక్కడికీ పోదు."

నూకరత్నం తాడు విప్పింది. జట్టు పెద్దరికం ఆమెకు అప్పజెప్పి వచ్చింది తరళ. "నా కొడవలి దొరికితే వాడుకోవే," అంది.

"అది సినిమా హాల్లో ఉండుంటుంది. మెత్తళ్లు చూసుకుంటాయిలే."

వెనక్కి చూస్తే తెప్పలు లేవు. మంచులో వందల దీపాలు మాత్రం వెలిగి తగ్గుతున్నాయి. కొంత దూరం వెళ్లాక వేటికవి కాకుండా ఒకే పెద్ద వెలుగుగా కలిసి, ఊగి, పోయాయి. తరళ నా భుజానికి ఆనుకుని నిద్రపోయింది. ఎడమ చెయ్యి ఒళ్లో తెరుచుకుని పడి ఉంది. దారి పొడుగునా ఆ చేతినే చూశాను.

కొండ

ఇక్కడ గాలి రాయడానికి లేదు. అల లేదు.

నేల కదలదు. తరళ గోడ పట్టుకుని నడుస్తోంది. కదలని మంచం మీద నిద్ర పట్టలేదంది. ఇక్కడివాళ్ల గుమ్మాలకు దీపాలు ఉండవు. ఒకరి ఆరోగ్యం ఒకరికి ఎలా తెలుస్తుందని ఆమె నర్సును అడిగింది. "అడుగుతామండి," అంది నర్సు.

యంత్రం అయ్యాక డాక్టరు జుబేదా మమ్మల్ని కూర్చోబెట్టి బొమ్మ చూపించింది. వకుళను చూసింది కూడా ఆమే. నల్లటి నీళ్లలో తెల్లటి నాచు కొమ్మలు విచ్చుకున్నట్టు ఉన్నాయి తరళ తలలోని నాళాలు. అందంగా ఉన్నాయి. కొమ్మల చివర మూడుచోట్ల ఉబ్బులు. రెండు ఆవగింజలంత. మూడోది, కుడివైపుది, నేరేడు పండులా ఒకవైపుకు సాగి ఉంది.

"చేతికీ, చూపుకూ వచ్చిన ఇబ్బంది దీనివల్లే," అంది డాక్టరు. "కొంచెం కారి ఆగినట్టుంది. మళ్లీ ఆగుతుందని చెప్పలేను."

"ఏం చేస్తారండి?" అంది తరళ.

"పుర్రె తెరిచి, నాళంలో ఆ ఉబ్బిన ముక్కను పక్కకు తప్పించి, రక్తానికి వేరే దారి కుడతాం. చిన్నవి రెండూ ముట్టుకోం. అవి అలాగే ఉండిపోవచ్చు, పెరగొచ్చు. ఆరు నెలలకోసారి చూస్తాం."

"పెద్దదాన్నీ అలాగే వదిలేస్తే?"

"మీ అక్కగారికి ఉన్నది దీనికన్నా చిన్నది."

తరళ తల ఊపింది. "తెరిస్తే ఏమేం పోవచ్చు?"

"ఎడమ చెయ్యి బలం తగ్గొచ్చు. మొహం ఎడమవైపు జారొచ్చు. లేవకపోవచ్చు కూడా. ఎక్కువమంది లేస్తారు."

"కొడవలి పట్టుకోవచ్చా?"

"ముందు చెంచా పట్టుకుందాం," అంది డాక్టరు.

తరళకు ఆ మాట నచ్చింది. సంతకం పెట్టింది.

సాయంత్రం వరండాలో కూర్చున్నాం. కింద చాలా దూరాన మంచు, దాని కింద సముద్రం ఉందనుకోవాలి.

"ఒక పని చెయ్యాలి నువ్వు," అంది. "రేపు నేను లేకుండా పోయినా ఊళ్లో నా దీపం వెలుగుతూనే ఉంటది. ఇంకా బాగా వెలుగుతది. అలా అయితే వెంటనే పిన్నికి కబురు పెట్టు. ఆర్పెయ్యమను. నూకరత్నం దాన్ని చూసి సంతోషపడుతూ కూచోకూడదు. ఎవరూ నాకు పులుసులు పంపకూడదు."

"సరే."

"ఊరికే సరే కాదు. రాసుకో."

రాశాను.

"ఇంకోటి. మొన్న నేను అక్కని కానన్నాను. అది నిజమే. కానీ నువ్వు కాపలా కాసింది మంచిదే అయింది."

కొండ, మర్నాడు

పొద్దున తీసుకెళ్లారు. జడ తీసేస్తారని తెలిసి తనే అడిగి కత్తిరించుకుంది. తలుపు దగ్గర నర్సుతో ఏదో హాస్యమాడింది. నాకు వినబడలేదు. నర్సు నవ్వుతూనే లోపలికి వెళ్లింది.

మధ్యాహ్నం బెంచీ మీద కూర్చున్నవాణ్ని అలాగే కునికాను. కలలో తెప్పలన్నీ కట్లు తెగి విడివిడిగా తేలిపోతున్నాయి. ఎవరికీ కంగారు లేదు. ఒక్కొక్క తెప్ప మీదా ఒక్కొక్కరు నిలబడి చేతులు ఊపుతున్నారు. వకుళ ఉన్న తెప్ప నా పక్కగానే వెళ్లింది. ఆమె నా వైపు చూడలేదు. మూట కట్టుకుంటోంది. పిలవాలనిపించలేదు. ఆమె పనిలో ఉంది.

ఎవరో భుజం తట్టారు. డాక్టరు జుబేదా. టోపీ ఇంకా తలకే ఉంది.

"కుట్టాం. పని పూర్తయింది. లేస్తుందో లేదో రేపు చూద్దాం," అంది.

ఇంకేమీ రాయను.

కొండ, ఆ తర్వాత

మర్నాడు లేవలేదు.

యంత్రం మీద గుండె గీత సమంగా పోతోంది. దాని వైపు వీపు పెట్టి కూర్చున్నాను. ఆమె కనురెప్పలు చూస్తూ ఉన్నాను. సూరమ్మ పిన్నికి పంపాల్సిన కబురు తయారుగా ఉంచాను. పంపలేదు. డాక్టరు ఇంకా ఆ మాట అనలేదు.

ఆ మర్నాడు, కిటికీలో ఎండ ఆమె మొహం మీదికి వచ్చినప్పుడు కళ్లు చిట్లించింది. నేను తెర వేయబోయాను.

"ఉంచు," అంది.

మాట ముద్దగా ఉంది. పెదవి ఎడమవైపు జారింది. డాక్టరు వచ్చి వేళ్లు కదపమంది. కుడి చెయ్యి వెంటనే కదిలింది. ఎడమ చెయ్యి చాలాసేపు ఆలోచించి, బొటనవేలు ఒక్కటీ కదిపింది. డాక్టరు బాగుందంది. మాట తేటపడుతుందని, చెయ్యి సంగతి వానలు వెలిసేదాకా చెప్పలేనని, చిన్నవి రెండూ అక్కడే ఉన్నాయని మర్చిపోవద్దని చెప్పి వెళ్లింది.

తరళ కాసేపు పైకప్పు చూస్తూ ఉంది.

"ఇక్కడ... ఏదీ కదలదు," అంది.

"కదలదు."

"బావా. అక్క ఆఖరున ఏమంది?"

ఇన్నాళ్లలో ఎవరూ అడగలేదు. నేనూ ఎవరికీ చెప్పలేదు.

"అన్నం పొంగుతోంది, చూడు, అంది."

"అంతేనా?"

"అంతే. నేను లేచి వెళ్లి మూత తీసి వచ్చాను. వచ్చేసరికి గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. కళ్లు తెరిచే ఉన్నాయి."

తరళ విన్నది. ఆమెకు మాటలు కూడదీసుకోవడానికి సమయం పట్టింది.

"నొప్పి?"

"ఉన్నట్టు లేదు. మొహం మామూలుగానే ఉంది. తర్వాతి మాట గుర్తు తెచ్చుకుంటున్నట్టు ఉంది."

"అన్నం మాడిందా?"

"లేదు. బాగా ఉడికింది. ఎవరూ తినలేదు."

ఆమె కళ్లలోంచి నీళ్లు పక్కకు జారి చెవుల్లోకి పోయాయి. తుడుచుకోవాలని ఎడమ చెయ్యి ఎత్తబోయింది, అది రాలేదు. నేను తుడిచాను. అదే గుడ్డతో నావి కూడా తుడుచుకున్నాను. చాలాసేపు తుడుచుకోవాల్సి వచ్చింది. ఆమె చూస్తూ ఉంది.

"ఆకలేస్తోంది," అంది కాసేపటికి.

నర్సును అడిగాను. మెత్తగా ఉడికిన అన్నం కొంచెం పెట్టొచ్చంది. కిందికి వెళ్లి తెచ్చాను. ఆవిరి వస్తోంది. మొదటి ముద్ద సగం పెదవి జారినవైపు నుంచి గడ్డం మీదికి వచ్చేసింది. రెండో ముద్ద కుడివైపు పెట్టాను. మింగింది. నోరు తెరిచింది. గిన్నె అయ్యేదాకా పెట్టాను.